వాకిలి చిమ్మని రోజులు

మా నాన్నగారు సంకల్పం ఒక్క ఊపిరిలో చెప్పేవారు. పూజకు కూర్చున్న మనిషి ఏ కొండకు ఏ దిక్కున ఉన్నాడు, ఏ నదుల మధ్య ఉన్నాడు, ఏ సంవత్సరం, ఏ మాసం, ఏ తిథి, ఎవరి గోత్రం, దేనికోసం ఈ పూజ, ఇవన్నీ ఒకే వాక్యంగా సాగే పాఠం అది. ఆయన దాన్ని ఎక్కడా తెగకుండా చివరిదాకా తీసుకెళ్లి, అప్పుడు గాలి పీల్చుకునేవారు. పురోహితుడు మధ్యలో ఆగితే కూర్చున్నవాడి మనసు వంటింట్లోకి పోతుందని అనేవారు. చిన్నప్పుడు నేను పక్కన కూర్చుని ఊపిరి బిగబట్టి ఆయనతో పోటీ పడేదాన్ని. ప్రతిసారీ నేనే ఓడిపోయేదాన్ని.

ఎనభైల మొదట్లో ఒక శ్రావణ మాసంలో, ఎవరింట్లోనో వ్రతం చేయిస్తూ, ఆయన తిథి దగ్గర ఆగారు. ఒక్క క్షణమే. గాలి పీల్చుకుని మిగతాది చెప్పేశారు. ఆ ఇంటివాళ్లెవరూ గమనించలేదు. ఇంటికొస్తూ దారిలో అడిగితే, "గొంతులో ఏదో పడిందమ్మా" అన్నారు. ఏం పడిందో నాకు తెలుసు. మా వీధి చివర సున్నపు బట్టీ పెట్టి అప్పటికి రెండేళ్లు.

మా ఊరు పిడుగురాళ్ల నుంచి బస్సులో అరగంట. చుట్టూ మిరప, పత్తి. ఊరికి పడమటి వైపు మాత్రం అడుగు తవ్వితే సున్నపురాయి. ఆ రాయినీ బొగ్గునూ వరస మీద వరస పేర్చి కాలిస్తే సున్నం. పాత బట్టీలు ఊరికి దూరంగా ఉండేవి. రోడ్డు దగ్గరైతే లారీలకు వీలని ఈ కొత్తది మా వీధి చివర, బడి గోడకు ఆనుకున్నట్టుగా కట్టారు. పొద్దున ఎనిమిదింటికి పైనుంచి బొగ్గు పోసేవాళ్లు. కాసేపటికి పసుపుపచ్చటి పొగ లేచి, గాలి ఆడని రోజున పైకి పోకుండా వీధిలోకే దిగేది. మధ్యాహ్నం సున్నం బస్తాలకెత్తేటప్పుడు తెల్లపొడి. కళ్లాల్లో ఆరబోసిన మిరపకాయలు వారం తిరిగేసరికి వెలిసిపోయినట్టు కనపడేవి. గుంటూరు యార్డులో మా ఊరి కాయను చొక్కాకి తుడిచి చూసేవాళ్లట.

నేను అదే బళ్లో సైన్సు టీచర్ని. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. నాకు పెళ్లి కాలేదు, ఉద్యోగం ఉంది, ఉద్యోగం కన్నా ఎక్కువగా కోపం ఉంది. బడి తలుపులు తీయగానే బల్లల మీద పిల్లలు వేళ్లతో పేర్లు రాసుకునేవాళ్లు, పలక అక్కర్లేకుండా. వరండాలో కూర్చున్న మూడో తరగతి మొత్తం ఒకేసారి దగ్గితే పాఠం ఆపి, అది తగ్గాక మొదలుపెట్టేదాన్ని. ఊళ్లో ఎవరితో అన్నా ఒకటే మాట, బట్టీ ఉందిగా టీచరమ్మా, దగ్గుండదా అని. ఎండ ఉంది కాబట్టి చెమట పోస్తుంది అన్నంత తేలిగ్గా అనేవాళ్లు. ఆ తేలికతనం చూస్తే నాకు ఒళ్లు మండిపోయేది.

మరుసటి ఏడు శ్రావణానికి నాన్నగారు మాసం పేరు దగ్గర ఆగారు. ఆ పై ఏడు సంవత్సరం పేరు దగ్గరే. వాక్యంలో ఆయన వెనక్కి నడుస్తున్నారు. ఇంకా వెనక్కి పోతే మిగిలేవి నదులు, ఆ ముందు కొండ, అంతే. ఈ లెక్క నేను ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోతే ఆగుతుందేమోనన్న పిచ్చి ఆశ ఒకటి నాలో ఉండేది.

ఆ వేసవిలో సైన్సు టీచర్లకు గుంటూరులో శిక్షణ తరగతులు పెట్టారు. అక్కడ పాఠం చెప్పడానికి వచ్చిన ఒక కాలేజీ లెక్చరరు, నీళ్లకు ఉన్నట్టే గాలికి కూడా చట్టం వచ్చిందని చెప్పాడు. ఢిల్లీలో చట్టం చేశారట, మన రాష్ట్రం దానికి నిబంధనలు రాసుకుందట, హైదరాబాదులో దానికోసం ఒక బోర్డు ఉందట. పొగ వదిలేవాడు అనుమతి తీసుకోవాలి, హద్దు దాటకూడదు, దాటితే ఆపించవచ్చు. చుట్టూ ఉన్న టీచర్లు ఫ్యాను కింద కునుకు తీస్తున్నారు. నేను మాత్రం ఒక్క ముక్క వదలకుండా రాసుకున్నాను. నా చేతిరాత అంత వంకరగా ఎప్పుడూ లేదు.

ఇంటికొచ్చి చదివి వినిపిస్తే నాన్నగారు నవ్వారు.

"గాలిక్కూడా చట్టం చేశారా? వాయుదేవుడికి సమన్లు ఎవరు తీసుకెళ్తారమ్మా?"

"ఆయనకి కాదు నాన్నగారూ, బట్టీకి."

"బట్టీవాడు మంచివాడే. వాళ్లమ్మ తద్దినం నేనేగా పెట్టించేది."

"మంచివాడు వదిలితే పొగ మంచిదవుతుందా?"

ఆయన నా ముఖం కాసేపు చూసి, కాగితం తీసుకురమ్మన్నారు.

సర్కారు ఉద్యోగం చేస్తూ ఫిర్యాదు చేయడం నాకు మంచిది కాదని మా హెడ్మాస్టరు ముందే హెచ్చరించాడు. అందుకని నేను రాశాను, నాన్నగారు సంతకం పెట్టారు. ఫిర్యాదుదారు ఆయనే. కవరు అంటించేముందు ఒకసారి పైకి చదివారు. పేజీన్నర కాగితంలో రెండుసార్లు ఆగారు. నేను గోడ వైపు చూస్తూ కూర్చున్నాను.

నెలలు గడిచాయి. దీపావళి వెళ్లిన తరువాత జవాబు వచ్చింది. తమ ఫిర్యాదు అందినదని, ఫలానా రోజున మా అధికారి తనిఖీకి వస్తారని, ఈ లేఖ నకలు బట్టీ యజమానికి కూడా పంపడమైనదని. నేను ఆ కాగితాన్ని పట్టుకుని వీధి వీధంతా తిరిగాను. సిగ్గు లేకుండా చెప్తున్నాను, ఆ రోజు నేను చిన్నపిల్లకన్నా తేలిగ్గా నడిచాను, కాళ్లు నేల మీద ఆనలేదు.

తరువాత నేను చేసిన పనికి క్షమాపణ లేదు. బడిపంతులమ్మని. పైనుంచి ఒక అధికారి తనిఖీకి వస్తున్నాడంటే ఏం చేయాలో నా ఒంటికి అలవాటైపోయింది. డి.ఇ.ఓ. వచ్చినప్పుడల్లా ఏం చేసేవాళ్లమో అదే చేశాను. ముందురోజు పిల్లల చేత బడి ఊడ్పించాను, బల్లలు తుడిపించాను, డాబా మీద బిందెలతో నీళ్లు పోయించి కడిగించాను. వచ్చేవాళ్లు మన గురించి ఏమనుకుంటారని వీధిలో ఆడవాళ్లకు చెప్పాను. వాళ్లకు ఆ మాట చాలు. చెట్ల ఆకులతో సహా కడిగారు. తులసి మొక్కల మీద చెంబులతో నీళ్లు పోశారు. బావి దగ్గర ఆ రోజు జాతరలా ఉంది.

మధ్యాహ్నం బట్టీ యజమాని బడికి వచ్చాడు. పెద్ద మనిషి, ఎప్పుడూ తెల్ల పంచె, మాట గట్టిగా ఉన్నా మర్యాద తప్పేవాడు కాదు.

"ఏం టీచరుగారూ, రేపు హైదరాబాదు నుంచి ఆఫీసరుగారు వస్తన్నారంట గదా. బడి గోడలు చూస్తే నాకే సిగ్గేస్తంది. మా పిల్లలూ ఇక్కడే గదండీ చదివేది. రెండు బస్తాలు సున్నం పంపిస్తా, మనుషుల్నీ పంపిస్తా. సాయంత్రానికల్లా తెల్లగా చేసేస్తారు."

మనం ఫిర్యాదు చేసినా ఎంత సంస్కారంగా ఉన్నాడో చూడండి అని హెడ్మాస్టరుతో నేనే అన్నాను. సాయంత్రానికి బడి పెళ్లిపందిరిలా మెరిసింది. వాడి సున్నమే, వాడి మనుషులే, నా ఆజ్ఞ. ఈ మాట ఇప్పుడు రాస్తుంటే కూడా చెవులు వేడెక్కుతున్నాయి.

మర్నాడు జీపులో వచ్చిన అధికారి చిన్నవాడు, కళ్లజోడు, పొందికైన మాట. నాన్నగారు ఇస్త్రీ చేసిన ఉత్తరీయం వేసుకుని అరుగు మీద ఎదురుచూస్తున్నారు. ఆ పొద్దున బట్టీలో బొగ్గు పోయలేదు. పైనుంచి సన్నగా, అగరొత్తి పొగంత పొగ.

అతను వచ్చీ రావడంతోనే బడి కిటికీ గట్టు మీద వేలు పెట్టి గీశాడు. వేలు చూసుకున్నాడు. తడి.

"ధూళి ఎక్కడ పడుతుందండీ?"

"అన్ని చోట్లా," అన్నాను.

అతను గోడ వాసన చూశాడు. "ఈ సున్నం ఎప్పుడు వేశారు?"

"నిన్న."

"ఎవరు కడగమన్నారు ఇదంతా?"

తరగతిలో నలభై మంది పిల్లలూ నా వైపు చూశారు.

"నేనేనండి."

అతను కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. "నేను హైదరాబాదు నుంచి చూడ్డానికి వచ్చింది మీరు కడిగేసిన దాన్నే కదండీ," అన్నాడు.

అయినా తన పని తాను చేశాడు. గాలిని లోపలికి పీల్చే ఒక పెట్టెలాంటి యంత్రాన్ని మా ఇంటి డాబా ఎక్కించి, లోపల తెల్లకాగితం పెట్టి, కరెంటు ఇచ్చి, సాయంత్రం దాకా పక్కనే కూర్చున్నాడు. నాన్నగారు కింద కుర్చీలో కూర్చుని ఆ చప్పుడు వింటున్నారు. అది ఎక్కడా ఆగకుండా గాలి పీలుస్తూనే ఉంది. నాకు ఆ యంత్రాన్ని చూస్తే అసూయ కలిగింది. సాయంత్రం తీసిన కాగితం మాసిన చొక్కా కాలరంత కూడా నలుపెక్కలేదు.

జీపెక్కేముందు అతను గొంతు తగ్గించి చెప్పాడు. "మళ్లీ వస్తానండీ. ఎప్పుడనేది ముందుగా రాయను. పది రోజులు ఎవరూ ముట్టుకోని చోటు ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి నాకు చూపించండి. చాలు."

సంక్రాంతి నెల మొదలయ్యాక ఉత్తరం వచ్చింది. నాన్నగారే కవరు చింపి, వీధి గుమ్మంలో నిలబడి పైకి చదివారు. తమరి ఫిర్యాదును పురస్కరించుకుని పై గ్రామమందు సున్నపు బట్టీ పరిసరాలను తనిఖీ చేయగా గాలిలోని ధూళి నిర్ణీత పరిమితులకు లోబడి ఉన్నట్లు కనుగొనబడినందున ప్రస్తుతానికి తదుపరి చర్య అవసరం లేదని, అవసరమని తోచినచో మరల తనిఖీ చేయబడునని తెలియజేయడమైనది. మొత్తం ఒకే వాక్యం. గాలి బాగానే ఉందని చెప్పే ఆ వాక్యంలో ఆయన నాలుగుచోట్ల ఆగారు. పరిసరాలను దగ్గర ఒకసారి. ధూళి దగ్గర ఒకసారి. లోబడి దగ్గర గుమ్మం పట్టుకున్నారు. చివరిసారి ఎక్కడో నాకు వినపడలేదు, అప్పటికి నాకు ఏడుపొచ్చేసింది. ఆ తరువాత పెన్సిలు తీసుకుని, ఆయన ఆగిన చోటల్లా కాగితం మీద గీత పెట్టాను. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గర ఉంది.

"ఇదీ సంకల్పం లాంటిదేనమ్మా," అన్నారు ఆయన, నన్ను నవ్వించడానికి. "దేశం, కాలం అన్నీ చెప్పాకగానీ అసలు సంగతికి రాలేదు."

కాసేపటికి మళ్లీ అన్నారు. "ఆ అబ్బాయి పది రోజులు ముట్టుకోని చోటు అడిగాడు గదా. మన అరుగుంది, వాకిలుంది. రేపట్నుంచి చిమ్మకు."

మా వైపు పొద్దున్నే వాకిట్లో కళ్లాపి చల్లి ముగ్గు పెట్టని ఇల్లంటే ఒక్కటే, మనిషి పోయిన ఇల్లు. అందులోనూ మాది పురోహితుడి ఇల్లు. పెళ్లి ముహూర్తానికీ, గృహప్రవేశానికీ వచ్చేవాళ్లు తొక్కే వాకిలి. ఆయన అంత తేలిగ్గా ఆ మాట అనేశారు. వద్దన్నాను. తప్పు చేసింది నేనైతే దిద్దుబాటు ఆయన వాకిట్లో ఎందుకన్నాను. ఆయన వినలేదు.

ఒక్క ఇల్లయితే సాక్ష్యానికి చాలదేమోనని వీధిలో ఆడవాళ్లనూ అడిగాను. ఎదురింటావిడ మొగుడు ఆ బట్టీలోనే రాయి పేర్చే పనికి పోయేవాడు. ఆవిడ నా మాట పూర్తి కానివ్వలేదు.

"ఏందమ్మా టీచరమ్మా నువ్వనేది? మా ఆయన పొద్దున్నే ఆ మంట మీదకెక్కుతాడు. ఆయన గడప దాటేటప్పుడు వాకిట్లో ముగ్గు లేకపోతే నా మనసెట్టా నిలబడుద్ది? సాయంత్రం దాకా నేనెట్టా ఉండాల?"

ఇంకెవర్నీ అడగలేదు.

అలా వీధి మొత్తంలో మాదొక్కటే చిమ్మని వాకిలి అయింది. మొదటిరోజు పెద్దగా తెలియలేదు. మూడోరోజుకు అరుగు రంగు మారింది. నేను వేలితో ఆ పొడిలో తేదీ రాశాను. మర్నాటికి అంకెలు మసకబారాయి, ఆ మర్నాటికి లేవు. మళ్లీ రాశాను, మళ్లీ మూసుకుపోయాయి. నేను బడికి వెళ్తే వెనక నా అడుగులు కనపడేవి, తిరిగొచ్చేసరికి అవీ ఉండేవి కావు. మా ఇంటిని ఎవరో మెల్లగా పాతిపెడుతున్నారనిపించేది. చెప్తే నాన్నగారు కంగారు పడతారని నోరు మూసుకున్నాను.

పది రోజులైంది. ఇరవై అయింది. జీపు రాలేదు. ఒక ఉదయం పరాయి ఊరి దంపతులు కూతురి పెళ్లి ముహూర్తం కోసం తాంబూలం పళ్లెంతో వచ్చారు. గేటు దగ్గర ఆగి వాకిలి చూశారు. ఆవిడ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. ఎదురింటివాళ్లను "ఎవరు పోయారమ్మా?" అని అడిగి, జవాబు వినకుండానే వెనక్కి తిరిగి వెళ్లిపోయారు. నాన్నగారు లోపల పంచాంగం విప్పుకుని కూర్చుని అంతా చూశారు.

"ఇంకెవరి దగ్గరికో వెళ్తార్లే," అన్నారు. పంచాంగం మడిచి పక్కన పెట్టారు. చాలాసేపు దాని మీద చెయ్యి తీయలేదు.

ఆ తరువాత ఇంకో పది రోజులు ఓపిక పట్టాను. ఒక ఆదివారం నాకు పిచ్చి కోపం వచ్చింది. బోర్డు మీద, చట్టం మీద, ఆ చిన్నవాడి మీద, అందరికన్నా నా మీద. చీపురు తీసుకుని అరుగు, వాకిలి అన్నీ ఊడ్చేశాను. బావిలో నీళ్లన్నీ తోడినంత పని చేసి కడిగాను. వీధి సగానికి పాకేంత ముగ్గు పెట్టాను. నాన్నగారు గుమ్మంలోకి వచ్చి చూశారు. "పోనీలే, ఇల్లు ఇల్లులా ఉంది," అన్నారు. ఆ పొద్దున ఆయన ముఖంలో నిజంగా సంతోషం ఉంది. నాకది చాలనిపించింది.

అప్పటికే ఆయన బయటి కార్యాలకు వెళ్లడం మానేశారు. ఆస్పత్రి డాక్టరు ఊరు మారమన్నాడు. ఎక్కడికని మారతారు, తెలిసిన గోత్రాలన్నీ ఈ ఊళ్లోనే ఉన్నాయి గదా అన్నారు ఆయన. ఇంట్లో పూజ మాత్రం మానలేదు. మాఘ మాసంలో ఒక పొద్దున, బొగ్గు పోసిన కాసేపటికి, పొగ ఇంకా వీధిలోంచి కదలకముందు, పీట మీద కూర్చుని సంకల్పం మొదలుపెట్టారు. నేను వంటింట్లో నైవేద్యానికి పాలు కాస్తున్నాను. కొండ పేరు చెప్పారు. దిక్కు చెప్పారు. అక్కడ ఆగారు. నదుల కోసం నేను వింటూ నిలబడ్డాను. పాలు పొంగి పొయ్యి మీద పడ్డాయి. నదులు రాలేదు.

మా పెదనాన్నగారి అబ్బాయి వచ్చి కర్మకు కూర్చున్నాడు. బట్టీ యజమాని మొదటిరోజే వచ్చాడు, మర్నాడూ వచ్చాడు. పంతులుగారు లేకపోతే మా అమ్మ తద్దినం ఎవరు పెట్టిస్తారండీ అని కళ్లు తుడుచుకున్నాడు. ఆ ఏడుపు అబద్ధం కాదని ఇప్పటికీ అంటాను. అరుగు మీద కాసేపు కూర్చుని, లేచి, పంచెకంటిన పొడి దులుపుకుని వెళ్లిపోయాడు. వాకిట్లో కళ్లాపి లేదు, ముగ్గు లేదు. చీపురు పట్టే మనసు ఎవరికీ లేదు. బట్టీలో మాత్రం రోజూ ఎనిమిదింటికి బొగ్గు పోస్తూనే ఉన్నారు.

అలా ఉండగా ఒక మధ్యాహ్నం వీధిలో జీపు ఆగింది. అదే కళ్లజోడు అబ్బాయి. చెప్పకుండా వస్తానన్న మాట నిలబెట్టుకున్నాడు. నేను గుమ్మంలోకి వచ్చేసరికే అరుగు దగ్గర వంగి, వేలితో ఒక గీత గీసి, వేలు ఎత్తి చూసుకుంటున్నాడు. అతని ముఖం వెలిగిపోయింది.

"ఇదండీ, ఇదండీ నాకు కావాల్సింది," అన్నాడు. సంచిలోంచి కవరు తీసి, అట్టముక్కతో పొడిని జాగ్రత్తగా అందులోకి గీకాడు. "ఎన్ని రోజుల్నుంచి చిమ్మలేదండీ?"

"తొమ్మిది రోజులు."

"ఎవరూ ముట్టుకోలేదు కదా?"

"చీపురు ఎవరూ ముట్టుకోలేదండి."

"చాలా మంచి పని చేశారు మేడం. ఈసారి కాదనడానికి లేదు." కవరు మీద తొమ్మిది రోజులు అని రాసి, కింద గీత గీసి, దాన్నీ పెన్నునూ నా వైపు చాపాడు. "ఇక్కడ ఫిర్యాదుదారు సంతకం కావాలండీ. పంతులుగారిని ఒకసారి పిలుస్తారా?"

నేను పెన్ను తీసుకోలేదు.

"రేపు పదో రోజండీ," అన్నాను.

అతను అప్పుడు తల ఎత్తి వాకిలి చూశాడు, వీధిలో మిగతా వాకిళ్లు చూశాడు, వాటి ముందున్న ముగ్గులు చూశాడు. చాపిన చెయ్యి అలాగే ఉంది. వేలి చివర ఇంకా తెల్లగానే ఉంది.